పద్నాలుగో వాల్వు నోరు

"మా ప్రభుత్వం ప్రజల దగ్గర ఏదీ దాచదు. కంప్యూటర్ ఏం చేస్తోందో కూడా దాచదు" అని నీటి శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించిన మూడో రోజుకల్లా మా ఆఫీసు గోడకు పెద్ద తెర బిగించేశారు. మాట మీద ఇంతగా నిలబడే మంత్రిని నేను చూడలేదు.

తెర వెనక కంప్యూటర్ దగ్గర కూర్చునేది నేనే. రోజూ పొద్దున ఒక లైను టైపు చేసి ఎంటర్ నొక్కుతాను. ప్రోగ్రాం ఊళ్ళోని నలభై వాల్వులూ వరసగా తెరుస్తూ, చేసిన ప్రతి పనీ తెర మీద రాస్తుంది. దాన్ని లాగ్ అంటారు. అదెంత మాట్లాడాలో సెట్టింగ్స్ ఫైల్లో ఒక్క మాటతో చెప్పొచ్చు. వెర్బోస్ అంటే అన్నీ చెబుతుంది. ఇన్ఫో అంటే ముఖ్యమైనవి, వార్నింగ్ అంటే అనుమానాలూ తప్పులూ, ఎర్రర్ అంటే తప్పులు మాత్రమే. క్వయట్ అంటే నోరెత్తదు.

పారదర్శకత కదా, వెర్బోస్ పెట్టాను. జనం గోడ ముందు గుంపుగా చేరి చదివారు. "వాల్వు 13 తెరిచాను. నీళ్ళు వెళ్తున్నాయి. వాల్వు 14కు ఆదేశం పంపాను. జవాబు లేదు. మళ్ళీ పంపాను. జవాబు లేదు. వదిలేసి 15కు వెళ్తున్నాను."

ఆ వాల్వు నీళ్ళివ్వాల్సిన పద్నాలుగో వీధిలోనే మా అక్క ఉంటుంది. నాలుగు నెలలుగా పదకొండో వీధి నుంచి బకెట్లతో మోసుకుంటోంది. తెర చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"చూశావుట్రా, కంప్యూటరే ఒప్పేసుకుంది. ఇంక బాగుచెయ్యక ఏం చేస్తారు?" అని అక్కడికక్కడే ఫిర్యాదు రాసిచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

మంత్రిగారూ తెర చూశారు. మరీ అంత మాట్లాడక్కర్లేదేమో, కాస్త గోల తగ్గించమని చీఫ్ ఇంజనీరుకు కబురు పెట్టారు. ఇంజనీరుగారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 'కాదు', 'కుదరదు' అన్న మాటలు వాడని మనిషి. ఆయన చెప్పినట్టు ఇన్ఫోకు దించాను. చాలలేదన్నారు. వార్నింగ్‌కు దించాను. ఇంకా తగ్గించమన్నారు. ఎర్రర్‌కు దించేసరికి సక్రమంగా తెరుచుకున్న ముప్ఫై తొమ్మిది వాల్వులూ తెర మీంచి మాయమయ్యాయి. అంత పెద్ద తెర మీద ఎర్రగా ఒకే ఒక్క లైను మిగిలింది: "వాల్వు 14 పనిచేయడం లేదు."

దాన్ని చూడటానికి పక్క వీధులవాళ్ళు కూడా వచ్చారు.

"తగ్గించేకొద్దీ మంచి మాటలే ముందు పోతాయి సార్. తప్పు చివరిదాకా ఉంటుంది. వాల్వు బాగుచేస్తే ఆ లైను దానంతటదే పోతుంది" అన్నాను.

ఇంజనీరుగారు వేళ్ళ మీద లెక్కపెట్టారు.

"వాల్వుకైతే రోడ్డు తవ్వాలి. అనుమతులు కావాలి. లైను పోవాలంటే ఏం చెయ్యాలి?"

"ఒక్క మాట మార్చాలి సార్."

"మార్చు."

క్వయట్ అని మార్చాను. మర్నాడు తెర అద్దంలా మెరిసింది. తప్పులు సున్నా అని ఇంజనీరుగారు నివేదిక పంపారు. మంత్రిగారు కదిలిపోయారు. అందరికంటే ఎక్కువ బాగుపడింది పద్నాలుగో వీధే కాబట్టి, 'ఫిర్యాదు లేని వీధి' అన్న బోర్డును అక్కడే తన చేతుల మీదుగా ఆవిష్కరిస్తానన్నారు.

ఆవిష్కరించారు కూడా. బోర్డు పెయింటు ఇంకా ఆరలేదు. మంత్రిగారి చేతులు రెండూ నీలమయ్యాయి. ఇంజనీరుగారు పరుగున వెళ్ళి వీధి కుళాయి తిప్పారు. గాలి బుస్సుమంది. "ఏమిటిది?" అన్నారు మంత్రిగారు. "తెర మీదైతే ఏమీ లేదు సార్" అని ఇంజనీరుగారు నా వైపు చూశారు.

నేను అక్క ఇంటికి పరిగెత్తాను. అప్పుడే బకెట్ దించి ఆయాసపడుతోంది. ఆ నీళ్ళు అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను. ఆమె నన్నోసారి చూసి, బకెట్ తనే మోసుకొచ్చి మంత్రిగారి చేతుల మీద పోసింది. కెమెరాలు మెరిశాయి.

"నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా. ఈ వీధివేనా?"

"మా ఇంట్లోవే అయ్యా, కానీ..." అంటుండగానే చప్పట్లు మోగాయి.

వారం తర్వాత అక్క ఫిర్యాదుకు జవాబొచ్చింది. ఆఫీసుకు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మంత్రివర్యులు సదరు వీధి నీటిని స్వయంగా వినియోగించి సంతృప్తి వ్యక్తం చేసియున్నారు. రుజువుగా ఫొటో జతపరచడమైనది. ఫిర్యాదు ముగించడమైనది."

అక్క ఆ ఫొటో మీద వేలు పెట్టింది.

"బకెట్ మనదే కదరా" అంది. తలుపు దగ్గర పెట్టిన ఆ బకెట్టే తీసుకుని పదకొండో వీధికి బయల్దేరింది.