నిద్ర నడక నమోదు పత్రం

కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీ తొమ్మిదో అంతస్తు నివాసి సత్యరాజు, అనగా నేను, నిద్రలో నడుస్తున్నట్టు ఈ నెల రెండో తేదీన నిర్ధారణ అయిందని సంతోషంగా తెలియజేస్తున్నాను. సాక్షులు ఇద్దరు. ఒకరు నా భార్య లీలమ్మ, రెండోవారు మా బ్లాకు వాచ్‌మన్ యాదన్న. ఆ రాత్రి నేను లిఫ్టు దిగి, గేటు దగ్గర కుర్చీలో ఉన్న యాదన్నను నిలదీసి, నీ హెల్మెట్ ఏది, చేతి తొడుగులు ఏవి అని గద్దించానట. ఆయన లేచి నిలబడి, "రేపటి సంది వెట్టుకుంట సార్" అన్నాడట. నిద్రపోతున్న మనిషి హోదాను కూడా గౌరవించే ఇలాంటివారి వల్లే దేశంలో క్రమశిక్షణ ఇంకా నిలబడి ఉంది.

లీలమ్మకు మాత్రం ఈ గౌరవం అర్థం కాలేదు. మా గేటు దాటితే సర్వీసు రోడ్డు. దాని మీద రాత్రంతా ట్యాంకర్లు పోతుంటాయి. "గేటు కాడ ఆగినవు గాబట్టి బతికినవ్. ఆగకపోతే? హాస్టల్ల ఉన్న పిల్లకు ఏం జెప్పాలె నేను?" అని ఏడ్చి, ఆ రోజే తలుపుకు తాళం కొని, తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకుంది.

నేను జాలిగా నవ్వాను. తాళం వేస్తే మనిషి ఆగుతాడు గానీ కారణం తెలుస్తుందా? కారణం తెలియకుండా సమస్య తీరిపోవడం మా వృత్తిలో పెద్ద తప్పు. నేను బొంతపల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో డాక్యుమెంటేషన్ సీనియర్ ఆఫీసర్‌ని. మా దగ్గర ఒకటే సూత్రం: రాయనిది జరగలేదు, రాసింది జరిగింది. పద్దెనిమిదేళ్లుగా ఈ సూత్రం మీద నా కుటుంబం అన్నం తింటోంది.

కాబట్టి మూడో తేదీ నుంచి నిద్ర నడక నమోదు పత్రం అమల్లోకి వచ్చింది. ముప్ఫై రెండు గళ్లు. రాత్రి ఎన్ని రొట్టెలు తిన్నాను, కూర ఏది, చాయ్ ఎన్నిసార్లు, మా మేనేజర్ రాజారావు గారు ఎన్ని నిమిషాలు తిట్టారు, గాలిలో కెమికల్ వాసన ఘాటుగా ఉందా మామూలుగా ఉందా, ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన జరిగిందా లేదా, అన్నింటికీ గడి ఉంది. చేతికి నిద్రను కొలిచే గడియారం కట్టాను. పక్కింటి ముత్యమ్మను అడిగి ముగ్గుపిండి తెచ్చి, పాదాల గుర్తులు పడేలా పడకగది గడపలో పలుచగా చల్లాను. క్రైస్తవుల ఇంట్లో ముగ్గుపిండి ఏమిటని పాస్టరుగారు అడిగితే సైన్సు కోసమని చెప్పాను. ఆయన సైన్సు కోసం కూడా ప్రార్థన చేసి వెళ్లారు.

తొమ్మిది రోజుల్లో అమూల్యమైన సమాచారం పోగైంది. మాంసం తిన్న రాత్రి నడిచాను. తినని రాత్రీ నడిచాను. రాజారావు గారు తిట్టిన రోజున హాలు దాకా, మెచ్చుకున్న రోజున వంటింటి దాకా వెళ్లాను. తాళం ఉంది కాబట్టి బయటి తలుపును మాత్రం నుదుటితో కొట్టి వెనక్కి వస్తున్నాను. చివరికి గ్రాఫులు గీసి చూస్తే ఒక్క సంబంధం దొరికింది. లీలమ్మ రోజుకు నలభై మాటలు మించి మాట్లాడితే నా నడక పెరుగుతోంది. గ్రాఫు ఆమె ముందు పెట్టి, రోజుకు ముప్ఫై మాటల పరిమితి ప్రతిపాదించాను. ఆమె నన్ను తేరిపార చూసి మూడు రోజులు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మూడు రాత్రులూ నడిచాను. చదువుకున్నవాడికంటే చాకలివాడు మేలని ఊరికే అనలేదు పెద్దలు.

ఈలోగా ఫ్యాక్టరీలో తనిఖీ ఉందని కబురు వచ్చి పడింది. రాజారావు గారు అందరినీ సమావేశపరిచి, "మిత్రులారా, నాణ్యత మన ఊపిరి. మన సత్యరాజు గారిని చూడండి. ఆయన నిద్రకు కూడా రికార్డు ఉంది! మెలకువతో ఉన్న మీ రికార్డుల్లో ఖాళీలు ఎందుకున్నాయి?" అని ప్రసంగించారు. చప్పట్లు మోగాయి. నా కళ్లు చెమర్చాయి.

ఇక్కడ మా వాడుక ఒకటి చెప్పాలి. గోదాములో ప్రతి రెండు గంటలకు వేడి ఎంతుందో చూసి రిజిస్టరులో రాయాలి. అది ఎప్పుడూ ఇరవై రెండు, ఇరవై మూడు, కాదంటే ఇరవై నాలుగు. రోజూ ఒకటే వచ్చేదాన్ని రోజూ పోయి చూడటం ఆ యంత్రాన్ని అనుమానించడమే. అందుకని మావాళ్లు షిఫ్టు మొదట్లోనే షిఫ్టంతా రాసేస్తారు. కొందరు ముందుచూపు గలవాళ్లు వారమంతా రాసేస్తారు. "సరిచూడటమైనది" అని కింద నేను సంతకం పెడతాను. దీన్ని మోసం అనకూడదు. పరస్పర విశ్వాసం అనాలి.

తనిఖీ ముందు రోజు నలభై రిజిస్టర్లు ఇంటికి తెచ్చి, ఖాళీలన్నీ నింపుతూ కూర్చున్నాను. చేయి ఊపు మీద ఉంది. తెల్లవారి చూస్తే నలభైతో పాటు నా నిద్ర నడక పత్రం కూడా నిండిపోయి ఉంది. పదిహేనో తేదీ నుంచి ముప్ఫయ్యో తేదీ వరకు, అన్ని గళ్లలో నా దస్తూరీతోనే "నడక: లేదు" అని ఉంది.

మామూలు మనిషైతే చించేసేవాడు. మేం కాగితం చించం. నేను కూర్చుని సమాచారాన్ని విశ్లేషించాను. వరుసగా పదహారు రాత్రులు ఒక్క నడకా లేదు. జబ్బు నయమైపోయింది. ఆనందం పట్టలేక లీలమ్మను పిలిచి చూపించి, తాళం తీసెయ్యమన్నాను.

"ఇయాల పదహారో తారీఖు. ముప్పై దాంక నువ్వు నడవవని గీ కాగితం ఎట్ల జెప్తది?" అంది.

"రాసి ఉంది కదా," అన్నాను.

"రాసింది ఎవలు?"

"బాధ్యత గల అధికారి."

ఆమె మంచం అంచున కూలబడింది. "రెండు వారాల సంది నేను కన్ను మూసిన్నా అని ఒక్కనాడన్న అడిగినవా? నువ్వు లేసినప్పుడల్ల లేస్తున్న. నీ ఎనుక తిరుగుతున్న. నీ ముప్పై రెండు గళ్లల్ల నా నిద్ర ఉన్నదా ఎక్కడన్న?"

వెతికాను. లేదు. సవరణ పత్రంలో చేరుస్తానని హామీ ఇచ్చాను. ఆమె మెడలోంచి దారం తీసి తాళంచెవి నా చేతిలో పెట్టింది. నా మాట నమ్మి ఇవ్వలేదు, అలిసిపోయి ఇచ్చింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసే తీసుకున్నాను.

ఆ రాత్రి ఆమె శవంలా నిద్రపోయింది. రెండు గంటల పది నిమిషాలకు నేను లేచాను. ఇది నా గడియారం చెప్పిన సంగతి. గేటు దాటి సర్వీసు రోడ్డు మీద, కంపెనీ బస్సు ఆగేచోట నిలబడాలని కాబోలు, నడుచుకుంటూ పోయాను. ఇది యాదన్న చెప్పిన సంగతి. ట్యాంకరు లైట్లు నా ముఖం మీద పడ్డప్పుడు ఆయన ఉరికొచ్చి, నన్ను కాలరు పట్టి లాగి, నాతో సహా పక్క కాలువలో పడ్డాడు. నాకు మెలకువ వచ్చేసరికి ట్యాంకరు పోయింది. యాదన్న మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. లీలమ్మ చెప్పులు లేకుండా తొమ్మిది అంతస్తులు దిగి ఉరికొచ్చి, నా వీపు మీద రెండు చేతులతో బాదుతూ ఏడ్చింది. నాకు చాలా సిగ్గేసింది. బతికినందుకు సంతోషం ఆ తర్వాత కలిగింది.

తెల్లవారాక అసలు చిక్కు ముందుకొచ్చింది. నేను నడిచాను, కానీ పత్రంలో ఆ తేదీకి "నడక: లేదు" అని ఉంది. రాసింది కొట్టేస్తే రికార్డు పరువు పోతుంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో మా వృత్తిలో ఎవరినీ అడగక్కర్లేదు. విచారణ నివేదిక రాశాను. మూల కారణం: సాక్షి పొరపాటు. దిద్దుబాటు చర్య: సదరు వాచ్‌మన్‌కు సరిగా చూడటంపై శిక్షణ ఇవ్వడమైనది. కింద ఒక ఖాళీ గీత.

కాగితం పట్టుకుని గేటు దగ్గరికి పోయాను. మోకాలికి గుడ్డ కట్టుకుని యాదన్న అదే కుర్చీలో ఉన్నాడు.

"యాదన్నా, జెర గిక్కడ సంతకం పెట్టు."

ఏంది, ఎందుకు అని అడగలేదు. తొడ మీద కాగితం పెట్టుకుని నెమ్మదిగా సంతకం చేశాడు.

"సదువుకోవా?" అన్నాను.

"గిసొంటిది ఇంతకుముందు ఒకటి పెట్టిన సార్. మా కొడుకు బాలరాజ్ మీ కంపెనీల కాంట్రాక్ట్ పని జేస్తుండె గదా. యాసిడ్ పడి చెయ్యి కాలిన నాడు, వాడు జాగ్రత్త లేకుండ చేసిండని, మల్ల శిక్షణ ఇచ్చిన్రని కాగితం రాసిన్రు. వానికి పెన్ను వట్టరాలే. దవాఖానల నాతోని పెట్టించుకున్నరు." కాగితం నా చేతికిచ్చి అక్షరాల వైపు వేలు చూపించాడు. "గిదే రాత సార్. మస్తు ముద్దుగ ఉంటది."

ఆ నివేదిక నాకు గుర్తుంది. తొడుగులు ఇవ్వలేదన్న సంగతి అందులో రాయలేదు కాబట్టి అది జరగలేదు. అది నేను రాసింది పట్టపగలు, మూడు చాయ్‌లు తాగి, కళ్లు బాగా తెరుచుకుని. అది రాసిన నాటి రాత్రి నేను మంచం దిగలేదు. హాయిగా నిద్రపట్టింది.