నక్షలో ఉన్న మెట్లు

“దేశాన్ని అగ్గి నుంచి కాపాడేది నీళ్ళు గాదు, నక్ష! నక్షే మన రక్ష!”

ఎనభై నాలుగు ఎండాకాలంలో బొంబాయి కామాఠిపురాలోని మా చాల్‌కి, అంటే వరస గదుల అద్దె మేడకి, సంఘం అధ్యక్షుడైన లస్మయ్య కుర్చీ ఎక్కి ఈ మాట అన్నాడు. ఎక్కకపోయినా వినపడేదే. కానీ అధ్యక్షుడు నేల మీద నిలబడి మాట్లాడితే దాన్ని సభ అని ఎవరంటారు?

సంగతేమిటంటే, ఎక్కడైనా నిప్పంటుకుంటే మంటలార్పే బండికి, అంటే మా బొంబాయి మాటలో బంబుకి, దారి తెలియాలి కదా! అందుకని చాల్ చాల్‌కీ నక్షా నిపుణులను, అంటే దారుల పటం గీసేవాళ్ళను, తయారు చేయాలని ప్రభుత్వానికి బుద్ధి పుట్టింది. నేర్పడానికి తుకారాం అనే అధికారి వచ్చాడు. పాపం, ఆయన అడవుల శాఖ మనిషి. తెచ్చిన పాఠాలన్నీ కార్చిచ్చు గురించే!

“కామాఠిపురాలో అడవి లేదు సాబ్,” అన్నాను వినయంగా. నేను బక్కయ్యను, అచ్చు ప్రెస్సులో గుమాస్తాను. గీత తిన్నగా గీస్తానని నన్ను నిపుణుణ్ణి చేశారు.

“లేదని శిక్షణ ఆపుతామా?” అన్నాడు తుకారాం సాబ్. “చాల్‌నే అడవి అనుకో. ఆరేసిన చీరలు తీగలు. గ్యాలరీ వసారాలు కాలిబాటలు. ఇక జంతువులు...” అని మా అందరి వైపూ చూసి, “అది తర్వాతి పాఠం,” అన్నాడు.

శిక్షణ ముగిసింది. మెడలో దండలు పడ్డాయి. ఇక నక్ష గీయాలి. అక్కడే వచ్చింది చిక్కు!

లస్మయ్యది రెండో అంతస్తులో చివరి ఖోలీ, అంటే గది. దాన్ని ఆనుకునే వెనక మెట్లు. ఆ మెట్ల మీద గోడ కట్టి ఆయన వంటిల్లు చేసుకున్నాడు. చాల్‌లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

“బక్కన్నా, గక్కడ ఏం రాస్తున్నవ్?” అన్నాడు నా భుజం మీదుగా తొంగి చూసి.

“మీ వంటిల్లు.”

“సర్కారు కాయిదం మీద వంటిల్లేంది? మర్యాదగుంటదా? మెట్లని రాయి. ఎడల్పు మెట్లని రాయి!”

రాశాను. అధ్యక్షుడి పని అయ్యాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? గంగారాం బ్లాకులో అమ్మే కిరసనాయిలు పీపాలను కింద చీకటి గదిలో దాచాడు. “నీళ్ళ టాంకీ అని రాయన్నా, నీకు పుణ్యముంటది,” అన్నాడు. రత్నాబాయి సరిగ్గా లస్మయ్య కిటికీ కింద పెరట్లో రేకుల గది వేసుకుంది. “పూలతోట అని రాయి తమ్మీ, సూసెటోళ్ళకు సల్లగుంటది.” నాటుసారా కొట్టు వాచనాలయమైంది. పొద్దంతా అక్కడ తూలేవాళ్ళు చదువరులయ్యారు. చివరికి, సానివాడలకు పేరుపడ్డ కామాఠిపురా అన్న పేరు కూడా నామోషీ అని కొట్టేయించి, ‘గ్రాంట్ రోడ్ దగ్గర’ అని రాయించారు. నక్ష ఎంత ముచ్చటగా వచ్చిందంటే, ఆ చాల్‌లో ఒక ఖోలీ అద్దెకు దొరికితే బాగుండునని నాకే ఆశ పుట్టింది! తుకారాం సాబ్ చూడకుండానే ముద్ర కొట్టాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం లస్మయ్య భార్య దాదర్‌లో పెళ్ళికి పోయింది. ఇంట్లో ఒంటరిగా ఉన్న అధ్యక్షుడికి మిరపకాయ బజ్జీల మీద మనసైంది. మనసే గానీ అనుభవం లేదు. మూకుడులో నూనె భగ్గుమంది. మంట గదిలోకి పాకి బయటి తలుపు పరదాను పట్టుకుంది. బయటికి దారి లేక ఆయన కిటికీ ఊచలు పట్టుకున్నాడు. పొగలోంచి ఆ దగ్గు విని మేమంతా పెరట్లోకి ఉరికాం.

బంబు గ్రాంట్ రోడ్ స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి ఎట్టకేలకు వచ్చింది. బంబు నాయకుడు మా నక్ష విప్పి పట్టుకుని పైకి అరిచాడు.

“భయపడకు! నీ పక్కనే వెడల్పు మెట్లున్నాయి. దిగిరా!”

“మెట్లు లేవు సాబ్!”

“నక్షలో ఉన్నాయి!”

“నక్షలనే ఉన్నయ్ సాబ్!”

“మరి అక్కడేముంది?”

“నా వంటిల్లున్నది! మెట్ల మీదనే కట్టిన! నేనే కట్టిన!”

చాల్ చాలంతా ముక్కున వేలేసుకుంది. ఎంత ఆశ్చర్యం! ఇన్నేళ్ళూ ఆ వంటింటి పోపు వాసన పీల్చినవాళ్ళే!

ఇంతలో ఒక జవాను గొట్టం తీసుకుని ‘నీళ్ళ టాంకీ’ వైపు పరుగెత్తాడు. గంగారాం ఎగిరి పీపా మీద బోర్లా పడ్డాడు. “వద్దు సాబ్! దీన్ల నీళ్ళు లేవు, కిరసనాయిలు! నాదే! నేనే దాచిన!”

నిచ్చెన వేద్దామంటే పూలతోటలో రేకుల గది అడ్డం. “పీకుండ్రి, పీకుండ్రి, నాదే!” అని రత్నాబాయి ఏడుస్తూ తానే మొదటి రేకు లాగింది. నల్లా దగ్గర నింపి పెట్టుకున్న బిందెలన్నీ ఆడవాళ్ళు చేతులు మార్చి పైకి అందించారు. మంట ఆరింది. జవాన్లు ఊచలు వంచి అధ్యక్షుణ్ణి దింపారు. మొహం మసి, చేతిలో జల్లిగరిటె. రక్ష సంగతి దేవుడెరుగు, శిక్ష మాత్రం అందరికీ సమానంగా అందింది.

మర్నాడు తుకారాం సాబ్ వచ్చి విచారణ జరిపాడు. “ముద్ర పడ్డ నక్ష తప్పు కాదు,” అని తేల్చాడు. “చాల్‌దే తప్పు! అయినా ఇంకొకటి గీయండి. ఈసారి నిజం గీయండి.”

మళ్ళీ సభ. “ఎవల తప్పు వాళ్ళే చెప్పుకోవాలె,” అన్నాడు లస్మయ్య. అందరూ పైకప్పు వైపు చూశారు.

ఆయనకు రోషం వచ్చింది. “నేనొక్కన్నేనా దొంగను? గంగారాం మంచం కింద ఇంకో పీపా ఉన్నది. రాయి బక్కన్నా!”

“నాదే కనవడ్డదా?” లేచాడు గంగారాం. “రత్నక్క సండాస్ దొడ్డి తలుపుకు మేకను కడతది. అది రాయి!”

“ఓహో! ఈ బక్కయ్య గ్యాలరీల బీరువా పెట్టి సగం తొవ్వ మూసిండు. గది రాసిండా?” అంది రత్నాబాయి.

ఇక ఆగలేదు. ఏ అటక మీద ఏముందో, ఏ గోడ ఎవరు జరిపారో, ఏ కిటికీ పేరుకే కిటికీయో, పక్కింటివాళ్ళ నోట నిజం వరదలా వచ్చిపడింది. నా పెన్సిలు అందుకోలేక రెండుసార్లు విరిగింది. పొద్దు వాలేలోపు నక్ష పూర్తయింది.

బంబు నాయకుడు దాన్ని పట్టుకుని చాలంతా కలియతిరిగాడు. అంగుళం తేడా లేదు! “బొంబాయి మొత్తంలో ఇంత నికార్సయిన నక్ష నేను చూడలేదు. ఎలా సాధించారు?” అని అడిగాడు.

గంగారాం, రత్నాబాయి ఒకరి మొహం ఒకరు చూడకుండా చెరో పక్కకు తిరిగి నిలబడ్డారు. లస్మయ్య వాళ్ళిద్దరి భుజాల మీదా చేతులు వేశాడు.

“ఐకమత్యం సాబ్!” అన్నాడు. “మా చాలంతా ఒక్కటే కుటుంబం!”