గొడుగు కింద చాపలు

అయినా తల ఊపడం మెడలో మొదలవుతుందా, మనసులోనా అని ఆలోచిస్తూ ఉండగానే నా తల ఊగిపోయింది. వేదిక మీద కుటీర పరిశ్రమల మంత్రిగారు ప్రకటిస్తున్నారు.

"ఇకనుంచి మన చాప ప్రపంచమంతా పరుచుకుంటుంది! ఆన్‌లైన్ స్టోర్ పెడుతున్నాం. ఇవాళ్టి నుంచి షోరూములో అమ్మకాలు బంద్. పాత పద్ధతీ కొత్త పద్ధతీ పక్కపక్కన ఉంటే ప్రజలు కన్ఫ్యూజ్ అవుతారు."

ఎంత దూరదృష్టి! ఆ షోరూము మేనేజర్ని నేనే కాబట్టి అది అందరికన్నా ముందు నాకే తగిలింది. సాయంత్రం షట్టర్ దించేశాను. లోపల గోడల ఎత్తున చాపలు. వాటిలో సగం మా వదిన అల్లినవే. అమ్ముడైతేనే ఆవిడ చేతికి డబ్బు. వానలు మొదలైతే చాపలకు బూజు.

"ఎన్నాళ్లు మరిదీ?" అంది వదిన.

"ప్లానింగ్ జరుగుతోంది వదినా."

"ఆ మాట చాపలకు చెప్పు. బూజు పట్టకుండా ఓపిక పడతాయి."

సరుకు తెలిసినవాడినని ప్లానింగ్ మీటింగుకు నన్నూ పిలిచారు. వెబ్‌సైట్ తయారుచేసే ఇంజినీరమ్మ తెర మీద ఒక్కో పేజీ చూపించింది. ప్రతి చాప మీదా మంత్రిగారు చిరునవ్వుతో కూర్చుని ఉన్నారు.

"చాప కనబడట్లేదు సార్," అందావిడ.

"నేను కనబడుతున్నానుగా. నా కింద ఉన్నది చాపేనని జనానికి తెలీదా?"

ఆ ఆత్మవిశ్వాసం నాలో పదో వంతున్నా బాగుపడేవాణ్ణే అనుకున్నాను. ఇంతలో మంత్రిగారు తెర మూలకు వేలు చూపించారు.

"అదేంటి?"

"కార్ట్ సార్. కొనేవాళ్లు సరుకు అందులో వేసుకుంటారు."

"చక్రాలు, పిడి... ప్రతిపక్షం గుర్తు బండి కదమ్మా! నా సైట్లో, నా ఖర్చుతో, జనం చేత బండి నొక్కిస్తావా?"

గదిలో ఫ్యాను కూడా మెల్లగా తిరిగినట్టనిపించింది. పీఏ తేరుకున్నాడు. "తీసేసి మన గొడుగు పెడదాం సార్."

"గొడుగులో సరుకు నిలవాలంటే తిరగేసి పెట్టాలేమో," అంది ఇంజినీరమ్మ.

"పార్టీ గుర్తు తలకిందులా!" పీఏ కుర్చీలోంచి లేచాడు.

గొడుగు నిటారుగానే ఉండాలని, సరుకు దాని కింద చేరాలని తీర్మానించారు. తర్వాతి పేజీ వచ్చింది.

"చివర్లో డబ్బులడుగుతోందేంటి?"

"కొన్నారు కదా సార్."

"ఎన్నికల ముందు జనాన్ని డబ్బులడుగుతామా? ఆ బటన్ తీసెయ్. 'ఆశీర్వదించండి' అని పెట్టు. ఏమంటావ్ మేనేజరూ?"

మరి చాపలెలా అమ్ముడవుతాయి సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆపింది భయమా, మర్యాదా అని నేను లోపల విచారణ జరుపుతుండగానే మీటింగు ముగిసి, అందరికీ టీ వచ్చింది.

స్టోర్ ఘనంగా మొదలైంది. వారం తిరక్కుండా లక్షల ఆశీర్వాదాలు. పత్రికలన్నీ మొదటి పేజీలో రాశాయి. చాప మాత్రం ఒక్కటీ కదల్లేదు.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. మూసిన షోరూము ముందు నేనూ వదినా ఆకాశం చూస్తూ నిలబడ్డాం.

"నా చాపలకెన్ని దీవెనలొచ్చాయి?"

"అన్నిటికన్నా ఎక్కువ నీ ఎర్రంచు చాపకే వదినా."

"సంతోషం. రాత్రికి అవే వండుతాను. నువ్వూ భోజనానికి రా."

అప్పుడే ఒక కారొచ్చి ఆగింది. దిగినావిడ మంత్రిగారి భార్య.

"మేనేజరు నువ్వేనా బాబూ? ఎర్రంచు చాప ఒకటి కావాలి. వారం నుంచి ఫోన్లో నొక్కుతున్నాను. ఎంత నొక్కినా ఆయన్ని దీవించడమే అవుతోంది. పెళ్లైనప్పటి నుంచీ చేస్తున్న పనే అది, దానికి ఫోనెందుకు?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"షోరూములో అమ్మకాలు బంద్ అమ్మా. అయ్యగారి ఆర్డరు."

"తెలుసయ్యా. ఆయనే పంపారు. నడుం నొప్పి. ఆ చాప మీదైతేనే నిద్ర పడుతుందట."

ఆర్డరు గొప్పదా, ఆర్డరు వేసినవాడి నడుము గొప్పదా అని నాలో సుదీర్ఘమైన చర్చ మొదలైంది. మెడ మీద ఒక చినుకు పడింది. వదిన నావైపే చూస్తోంది. అమ్మగారికి ఒక్క చాప తీసివ్వడానికి సగం ఎత్తితే చాలు.

వంగి, షట్టర్ పైదాకా ఎత్తేశాను.