ఆళ్లగడ్డ ఆవలింతల కేసు

“మత్తయీ! ఈ నంద్యాలలో నేరమనేది తల ఎత్తాలంటే ముందుగా వచ్చి నా అంగడి మెట్ల మీద నిలబడి పర్మిషన్ అడగాల! ఎందుకో తెలుసునా? నాది మామూలు మెదడు కాదు. పదును పెట్టిన చురకత్తి!”

ఆ మాట అంటూనే సుందరరాజు ముక్కు మీద వాలిన ఈగను కొట్టబోయి చురకత్తి లాంటి మెదడున్న తలను గోడకు కొట్టుకున్నాడు. ఈగ తప్పించుకుంది. వాడు వెంటపడిన నేరస్థులందరూ అలాగే తప్పించుకున్నారు.

రాజధాని కర్నూలును వదిలి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి చైత్రం అది. తన కీర్తి కర్నూలు దాకా పాకడం చూసి ఓర్వలేకే రాజధానిని అంత దూరం ఎత్తుకుపోయారని సుందరరాజు గట్టి నమ్మకం. వృత్తి రీత్యా వాడు దేవుళ్ల పటాలకు అద్దాలు బిగిస్తాడు. ప్రవృత్తి రీత్యా అపరాధ పరిశోధకుడు. ఇన్నేళ్లలో వాడు పట్టుకున్నది ఒకే ఒక సైకిలు దొంగను. విచారిస్తే ఆయన పోలీసు జవాను. తాళంచెవి పోయి సొంత సైకిలు తాళమే పగలగొట్టుకుంటున్నాడు. నేను బడిపంతులును. వాడికి స్నేహితుణ్ని. ఇంతకంటే నా గురించి చెప్పుకోదగ్గ కష్టాలేమీ లేవు.

వాడు తల నిమురుకుంటూ ఉండగానే ఒక యువకుడు తూలుతూ అంగడిలోకి వచ్చి, కూర్చోమనకముందే కూలబడ్డాడు.

“అప్పా, మాది ఆళ్లగడ్డ. నా పేరు నరసింహులు. మద్దిలేటి రెడ్డి కొడుకుని. మా ఇంట్లో... హా... ఆ...”

“హత్యా?” అంటూ సుందరరాజు ఆశగా లేచి నిలబడ్డాడు.

“కాదప్పా, ఆవలింత.” నరసింహులు కళ్లు తుడుచుకున్నాడు. “శివరాత్రి పోయినకాన్నుంచి మా నాయనకు, అమ్మకు, నాకు ఒకటే నిస్సత్తువ. కాళ్లు లాగుతాండాయి. కండ్లు వాటంతటవే మూసుకుంటాండాయి. కళ్లంలో జొన్నలు అట్లే పడుండాయి. గువ్వలు తిని లావైపోయినాయి గానీ, లేచి తోలే ఓపిక మాకు లేదు.”

“ఎండలు ముదురుతాండాయి గదప్పా,” అన్నాను నేను. “ఈ కాలంలో అందరికీ అంతే. చల్లపూట పని చేసుకోని, మజ్జిగ తాగి...”

“గమ్మునుండు మత్తయీ!” సుందరరాజు చెయ్యెత్తి నా నోరు మూయించాడు. “అబ్బాయ్, మీ ఇంట్లో నిద్ర రానిది ఎవరికి?”

“నా పెండ్లానికి. సరస్వతమ్మ అని. ఆయమ్మి ఒక్కతే తెల్లారకముందే లేచి పనులన్నీ చేస్తాండాది. అందుకే కూట్లో మాకు మందు పెడతాందని మా అమ్మ అంటాండాది. రేపు సాయంత్రం బండి కట్టి అవుకుకు, పుట్టింటికి పంపిచ్చేస్తాదంట. మళ్లీ పిలిచేది లేదంట.”

“నువ్వేమంటావు?” అని అడిగాను.

“నేనేమంటానన్నా? ఏమన్నా అందామని నోరు తెరిస్తే ఆవలింత వస్తాంది.”

అంతే. లక్ష్మీదేవి పటానికి చెంప ఆనించి అతను నిద్రపోయాడు. సుందరరాజు గొంతు తగ్గించి నా చెవిలో బుసకొట్టాడు. “నెమ్మది విషం! మృత్యువు ఆ ఇంటి గడప మీద కాలు మీద కాలేసుకోని కూర్చోనుంది మత్తయీ! నీ బడికి సెలవు పెట్టు!”

మర్నాడు ఆ ముదురు ఎండలో ఉన్ని కోటు తొడుక్కుని వాడూ, వాడి పెట్టె మోస్తూ నేనూ, నా భుజం మీద నిద్రపోతూ నరసింహులూ బస్సులో ఆళ్లగడ్డ చేరాం.

వసారాలో మద్దిలేటి రెడ్డి మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఆయన భార్య కమలాక్షమ్మ స్తంభానికి ఆనుకుని, చేతిలో అడకత్తెరతో, అందులో సగం తెగిన వక్కతో నిద్రపోతోంది. మా అలికిడికి రెడ్డి ఒక కన్ను తెరిచాడు. రెండోది తెరవడం దండగనుకున్నట్టున్నాడు.

“వచ్చినారా డిటెక్టివప్పా? ఎండనపడి వచ్చినారు. రవ్వంత లేహ్యం తింటారా? మంచి బలం. నంద్యాల బస్టాండు కాడ ఒక సాధువు అమ్మినాడు. శివరాత్రి అప్పుడు ఒళ్లు రవ్వంత బరువుగా ఉంటే తెచ్చినా. ముగ్గురం పూటపూటా తింటాండాం.”

“తగ్గిందా?” అన్నాను.

“యాడ తగ్గేది? ఇంకా ఎక్కువాయె. అందుకే గోలీ అంత ఉండ తినేవాళ్లం, ఇప్పుడు నిమ్మకాయంత తింటాండాం.”

“నేరస్థలంలో నేను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను!” అని ప్రకటించి, సుందరరాజు జేబులోంచి బొరుగులు తీసి నమిలాడు. బలానికని తినే మందును అనుమానించాలని నాకూ తోచలేదు. జాడీ మీద కండలు తిరిగిన పహిల్వాను బొమ్మ ఉంది. దాన్ని చూసి నేను గౌరవంగా పక్కకు కూడా జరిగాను.

పరిశోధన మొదలైంది. సుందరరాజు భూతద్దం తీసి రెడ్డి పంచె మీది మరకను చాలాసేపు పరీక్షించాడు. వాడి వీపు వెనకాల సూర్యుడున్న సంగతి మరిచిపోయాడు. కాసేపటికి మరక మాయమై దాని స్థానంలో పొగ వచ్చింది. శివరాత్రి తర్వాత రెడ్డి ఎగిరి గంతేయడం అదే మొదటిసారని ఇంటివాళ్లు సంతోషించారు. తర్వాత వాడు పులుసుకుండలో వేలు పెట్టి వాసన చూశాడు, ఆవకాయ జాడీకి చెవి ఆనించి విన్నాడు. చివరికి నీళ్ల బిందెతో వస్తున్న సరస్వతమ్మకు అడ్డం నిలబడ్డాడు. ఆమె పాతికేళ్లు దాటని మనిషి. కొంగు నడుముకు బిగించి ఉంది. కళ్ల కింద నల్లగా చారలు.

“నిలబడు! నిన్న సాయంత్రం నువ్వు యాడుండావు?”

“వంటింట్లో.”

“దానికి ముందు?”

“బాయి కాడ.”

“దానికీ ముందు?”

“కళ్లంలో జొన్నలు తూరుపార పట్టినా. మీరు పక్కకు జరిగితే గొడ్లకు నీళ్లు పెట్టేసి వచ్చి మిగతాది చెప్తానన్నా.”

“అందరూ అలిసిపోయి పడి ఉంటే, నీకొక్కదానికీ అలుపు రాదా?”

“వస్తే యాడ పెట్టుకోనన్నా? మంచాలన్నీ నిండిపోయి ఉండాయి.”

ఆమె పక్కనుంచి వెళ్లిపోయింది. సుందరరాజు నా భుజం పట్టి కుదిపాడు. “విన్నావా గడుసు జవాబు! తేలిపోయింది మత్తయీ! ఈ ఇంట్లో ముగ్గురు నిద్రితులు, ఒకతే నిందితురాలు!”

“అలుపు లేదనలేదురా ఆయమ్మ. పడుకునేదానికి తావు లేదంటాంది.”

“నీకు నేరస్థుల మనస్తత్వం తెలీదు!”

నేను పశువుల కొట్టం దగ్గరికి వెళ్లాను. సరస్వతమ్మ తొట్టిలో నీళ్లు పోస్తూ, తల తిప్పకుండానే అంది. “అన్నా, మీ స్నేహితునికి నువ్వైనా చెప్పు. పొమ్మంటే పోతా. మొగునికి మందు పెట్టిందనే పేరు మోసుకోని పోతే మా నాయన అవుకులో ఎట్ల తిరుగుతాడు? ఇంట్లో పెండ్లి కావాల్సిన చెల్లెలుంది.” నీళ్లు తొట్టిలో సగం, నేల మీద సగం పడ్డాయి. సుందరరాజును చెవి పట్టుకుని నంద్యాలకు లాక్కుపోదామనుకున్నాను. కానీ వాడు పోయినా బండి ఆగదు.

సాయంత్రం బండి కట్టారు. సరస్వతమ్మ బట్టల మూట అప్పటికే అందులో ఉంది. తీర్పు వినడానికి ఇంటిల్లిపాదీ వసారాలో కూర్చున్నారు, అంటే ఒకరి మీద ఒకరు వాలి ఉన్నారు. ఉన్ని కోటులో పొద్దంతా ఉడికిన సుందరరాజు మొహం పాలిపోయి ఉంది. బొరుగులు అయిపోయాయి.

“ఉపన్యాసానికి శక్తి కావాల,” అని గొణుక్కుంటూ వాడు పహిల్వాను జాడీ మూత తీశాడు. పొద్దున్నే చేసిన ప్రతిజ్ఞ గుర్తుకు రాలేదు. నిమ్మకాయంత ఉండ నోట్లో వేసుకున్నాడు. రుచిగా ఉన్నట్టుంది, ఇంకొకటి వేసుకున్నాడు. మూడోది చేతిలో పట్టుకుని ఆరంభించాడు.

“మహాశయులారా! కాలసర్పం ఈ ఇంటి పొయ్యిలోనే గుడ్లు పెట్టింది! కానీ సుందరరాజు డేగకన్ను ముందు ఏ సర్పమూ...” అంటూ ఆ విషసర్పం ఎలా బుసకొట్టిందో, తన మేధస్సు దాన్ని ఎలా వెంటాడిందో వర్ణించుకుంటూ పోయాడు. పొద్దు గుంకేదాకా పోయాడు. సర్పం ఇంకా పట్టుబడలేదు గానీ వాడి మాటలు బరువెక్కాయి. “ఆ ఘోర... అపరాధి... ఇంకెవరో కాదు...” చూపుడువేలు సరస్వతమ్మ వైపు లేచింది. ఆమె మొహం తెల్లబోయింది. “ఇంకె... వరో...”

వేలు మెల్లగా వాలింది. దాని వెనకే మనిషీ వాలాడు. రెడ్డి మంచం మీద, రెడ్డి పక్కనే పడుకుని, ఆయన దుప్పటి లాక్కుని గురక పెట్టాడు.

“అయ్యో! ఈయప్పకూ పెట్టేసింది!” కమలాక్షమ్మ గుండెలు బాదుకుంది. “చూసినారా? కండ్ల ముందరే పెట్టేసింది!”

“ఏం పెట్టిందమ్మా?” నాకు తిక్కరేగింది. “పొద్దున్నుంచి ఈ ఇంట్లో వీడు మంచినీళ్లు ముట్టలేదే! బొరుగులు, ఇంతకుముందు ఈ లేహ్యం తప్ప వీడు తిన్నది...”

అంటూ ఉండగానే నా నోరు ఆగిపోయింది. వాడి గుప్పిట్లో మూడో ఉండ జిగటగా కారుతోంది. నేను రెడ్డి వైపు తిరిగాను.

“పెద్దాయనా, ఈ లేహ్యం మీ కోడలికి ఎప్పుడన్నా పెట్టినారా?”

“కోడలికేంటికి?” రెడ్డికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. “అది అలిసిపోయినోళ్లు తినేది గదా!”

నరసింహులు లేచాడు. జాడీని పళ్లెంలో బోర్లించి, అడుగున పేరుకున్న ముద్దను వేలితో విడదీశాడు. బెల్లం పాకంలో నల్లటి ఆకు తునకలు. రెడ్డి ఒక తునక తీసి వాసన చూశాడు, ఈసారి రెండు కళ్లూ తెరిచాడు.

“గంజాకు గదరా ఇది!”

“లేహ్యం కాదు పెద్దాయనా,” అన్నాను. “దీని పేరు లేవం.”

ఆ రాత్రి ఎద్దులను విప్పేశారు. ఎవరూ ఉండలు మింగలేదు. తెల్లవారి ఇంటివాళ్లు తలలు పట్టుకునైనా తమ కాళ్ల మీద లేచారు. సుందరరాజు మాత్రం ఎండ మొహాన పడ్డాకే లేచాడు. జరిగింది నేను చెప్పాను. ఒక్క క్షణం తెల్లమొహం వేశాడు. మరుక్షణం కోటు గుండీలు పెట్టుకున్నాడు.

“నాకు మొదటే తెలుసు! రుజువు కోసం నా దేహాన్నే ప్రయోగశాల చేసినా! ప్రాణాన్ని పణంగా పెట్టినా!”

వాళ్లు నమ్మారు. నమ్మడమే కాదు, రెడ్డి వాడి భుజాన కొత్త కండువా కప్పాడు. కమలాక్షమ్మ దిష్టి తీసింది. “మీరు రాకపోతే మా కొంప మునిగిపోయుండు నాయనా,” అని కళ్లొత్తుకుంది. ఆ సంబరంలో సరస్వతమ్మను పలకరించిన వాళ్లు ఒక్కరూ లేరు. రాత్రి మూట బండిలోంచి దించిన వాళ్లు కూడా లేరు.

ఆమె నేరుగా వెళ్లి బండెక్కి కూర్చుంది.

“యాడికమ్మా?” రెడ్డి కంగారుపడ్డాడు. “తప్పు నీది కాదని తేలిపాయె గదా!”

“తేలింది గదా మామా, ఇప్పుడు తలెత్తుకోని పోవచ్చు. నాకు అలుపుగా ఉండాది. మా అమ్మ కాడ రవ్వంత పడుకోని వస్తా.”

“మళ్లీ ఎప్పుడొస్తావు?”

“నిద్ర తీరినాక.”

రెడ్డి కొడుకు వైపు చూశాడు, వద్దని చెప్పమన్నట్టు. నరసింహులు ఎద్దులను తెచ్చి కాడికి కట్టి, పగ్గాలు చేత పట్టుకున్నాడు. “నేనే తోలుకోని పోతా నాయనా. కళ్లంలో గువ్వల్ని నువ్వు చూసుకో.”

బండి అవుకుకు పోయే కోవెలకుంట్ల దోవ పట్టింది. సందు మలుపు తిరగకముందే సరస్వతమ్మ మూట మీద తల పెట్టి పడుకోవడం నేను చూశాను.

ఇంట్లో అందరికీ ఆకలి వేసింది. కమలాక్షమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చింది. కోడలు కాపురానికి వచ్చినకాడి నుంచి ఆమె అక్కడ అడుగు పెట్టలేదు.

“పప్పు వండుదామంటే కందిబ్యాళ్లు యాడ పెట్టిందో కనపడల్యా,” అంది.

రెడ్డికీ తెలియదు. ఇద్దరూ కలిసి సుందరరాజు వైపు ఆశగా చూశారు.

“అప్పా, ఇంత పెద్ద కేసు పట్టినారు. రవ్వంత ఆ బ్యాళ్లు యాడుండాయో కనిపెట్టండి.”

సుందరరాజు కండువా సవరించుకుని గంభీరంగా వంటింట్లోకి నడిచాడు. లోపల కుండలు దొర్లాయి. ఏదో పగిలింది. కారప్పొడి దొరికినట్టుంది, బాగా తుమ్మాడు. మధ్యాహ్నం బస్సు వేళకు వాడు ఎర్రటి కళ్లతో, వట్టి చేతులతో బయటికి వచ్చాడు. ఇద్దరం పస్తుతోనే బస్సెక్కాం. శిరివెళ్ల దాటాక వాడు అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

“మత్తయీ, ఎవురికీ చెప్పొద్దు. ఆ బ్యాళ్లను ఎవురో అపహరించినారు.”