పిల్లికి కొన్న మెత్తళ్ళు

ఆ ఆదివారం ఉదయం ఉమామహేశ్వరం వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చిలో పూజ అయ్యాక ఆరోగ్యమ్మ చేపల గంప ఎత్తుకుని యానాం ఫరంపేట వీధిలోకి వస్తుంది. ఆమెను గుమ్మంలో ఆపి మెత్తళ్ళు కొనాలి. లోపల అతని భార్య విజయలక్ష్మి పచ్చి చింతకాయలు దంచి సిద్ధంగా పెట్టుకుంది. ఆమెకు ఎనిమిదో నెల. తొలి కాన్పు. ఇన్ని నెలల్లో నోరు తెరిచి అడిగింది ఈ మెత్తళ్ళ పులుసు ఒక్కటే. అది కూడా తీర్చలేకపోతే తాను మొగుడెందుకని అతని బాధ.

ఆరోగ్యమ్మ వచ్చింది. గంప దించకుండానే ఒంటి చేత్తో దణ్ణం పెట్టింది.

"మెత్తళ్ళున్నాయా ఆరోగ్యమ్మా?"

"ఉన్నాయండి. మీకివ్వనండి."

"అదేం?"

"దీక్షలో ఉన్న సాములకి నీసు అమ్మితే మా మరియమ్మ తల్లి ఊరుకుద్దాండి? నేను ఏసు బిడ్డనే గానండి, ఎవరి నేమం ఆళ్ళదండి."

ఆమె వీధి మలుపు తిరిగిపోయింది. ఉమామహేశ్వరం గడ్డం నిమురుకున్నాడు. తంటా అంతా ఆ గడ్డంతోనే వచ్చింది.

విజయలక్ష్మికి ఆరో నెల రాగానే అతని తల్లి సుబ్బలక్ష్మి ఒక శాసనం చేసింది. "కడుపుతో ఉన్నదాని మొగుడు మంగలి కత్తి ముట్టకూడదు. శవం మొయ్యకూడదు. తీర్థయాత్రలంటూ ఊరు దాటకూడదు. చెప్పానంతే." శవాలతోనూ తీర్థాలతోనూ అతనికి పని లేదు. చిక్కు గడ్డం దగ్గరే వచ్చింది. అతను గుమాస్తాగా పనిచేసే ఆఫీసులో హెడ్‌గుమాస్తా వీరవెంకటసత్యనారాయణగారికి గడ్డమంటే గిట్టదు.

"ఏమయ్యా, ఇది ఆఫీసా, అడవా?" అని ఆయన ఒకరోజు నిలదీశారు.

భార్య కడుపుతో ఉందని పై అధికారి మొహం మీద చెప్పడానికి ఉమామహేశ్వరానికి సిగ్గేసింది. "ఇంట్లో నియమమండి," అని నసిగాడు.

అది కార్తీకమాసం. అయ్యప్ప దీక్షలు యానాంలో అప్పుడప్పుడే అడుగు పెడుతున్న రోజులు. హెడ్‌గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"దీక్షా? ముందే చెప్పరేం స్వామీ?"

కాదండీ అనడానికి ఉమామహేశ్వరం నోరు తెరిచాడు. అంతలో ఆయన, "సాయంత్రం పూజ ఉంటుంది కదా, రోజూ పెందరాళే వెళ్ళిపోండి," అన్నారు. తెరిచిన నోరు మూసుకున్నాడు. పెందరాళే ఇంటికి పోతే నూతిలో నీళ్ళు తోడొచ్చు, విజయలక్ష్మి చేత బిందె ఎత్తనివ్వకుండా చూసుకోవచ్చు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. ఇతని విషయంలో కడుపు ముందొచ్చింది, మొహమాటం తరవాత వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. ఊళ్ళో మాత్రం అతను స్వామి అయిపోయాడు.

ఆరోగ్యమ్మ ఇవ్వకపోతేనేం అనుకుని, తువ్వాలు తల మీద కప్పుకుని నేరుగా గోదారి రేవుకు నడిచాడు. పడవ దగ్గర మెత్తళ్ళు కొని, గుడ్డసంచిలో అడుగున పెట్టి, పైన తోటకూర కట్ట సర్దాడు. వెనక్కి తిరిగేసరికి ఎదురుగా హెడ్‌గుమాస్తాగారు చుట్ట కాలుస్తూ నిలబడి ఉన్నారు.

"స్వామీ, ఈ నీచు రేవులో మీరేమిటి?" అని ఆయన సంచికేసి చూశారు. తోటకూరకు అలాంటి వాసన ఉండదని ఆయనకు తెలుసు.

"పిల్లికండి," అన్నాడు ఉమామహేశ్వరం. అతని ఇంట్లో పిల్లి లేదు.

హెడ్‌గుమాస్తా కళ్ళు చెమర్చాయి. "దీక్షలో ఉండి, ముక్కు మూసుకునైనా సరే మూగజీవి ఆకలి తీరుస్తున్నారు. మేమూ ఉన్నాం, దేనికి?" అని చేతిలోని చుట్ట గోదాట్లోకి విసిరేశారు. జేబులో ఇంకోటి ఉంది, అది వేరే సంగతి. "మరి మెడలో మాల లేదేం స్వామీ?"

"అదేనండి, అసలు సంగతేంటంటేనండి..."

"చెప్పకండి, అర్థమయింది. వేయించేవాళ్ళు లేక ఆగిపోయారు. మన అగ్రహారం గురుస్వామిగారి బస్సు సంక్రాంతి జ్యోతి దర్శనానికి బయల్దేరుతోంది. అందులో మీకు సీటు నేను చెప్తాను."

ఉమామహేశ్వరానికి కాళ్ళ కింద ఇసుక కదిలినట్టయింది. డాక్టరమ్మ కాన్పుకు చెప్పినది సరిగ్గా ఆ రోజులే. 'నేను లోపల అరుస్తుంటే బయట వరండాలో మీరుండాలి,' అని విజయలక్ష్మి అడిగింది. ఆమె తల మీద చెయ్యి వేసి ఒట్టేశాడు.

"అప్పుడు నేను ఊళ్ళోనే ఉండాలండి," అన్నాడు.

"ఆ వినయమే వద్దంటాను," అని హెడ్‌గుమాస్తా అగ్రహారం దారి పట్టారు.

మధ్యాహ్నానికి పులుసు ఉడికింది. చింతకాయ పులుపు, మెత్తళ్ళ వాసన కలిసి వీధి చివరిదాకా వెళ్ళాయి. కాళ్ళు వాచి పీట మీద వంగలేకపోతున్న విజయలక్ష్మికి ఉమామహేశ్వరం అన్నం కలిపి ముద్ద అందించబోతున్నాడు. అప్పుడే వీధిలో గంట మోగింది. స్వామియే శరణమయ్యప్ప అని పదిమంది గొంతులు గుమ్మం ముందు ఆగాయి. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"విజయా," అన్నాడు నెమ్మదిగా. "కార్తీకం నుంచి నేను స్వామినట. పొద్దుటి నుంచి నువ్వు పిల్లివట."

"ఎవరన్నారండీ?"

"నేనే."

మిగతాది రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళో, అరిచేవాళ్ళో. విజయలక్ష్మి ఆ ముద్ద తినేసి, మూతి తుడుచుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మంలోకి నడిచింది. ఆ నడక చూసి ఉమామహేశ్వరానికి తన సిగ్గు మీద తనకే సిగ్గేసింది. ఆమె వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు.

వాకిట్లో గురుస్వామి పళ్ళెంలో మాల పట్టుకుని ఉన్నారు. ఆయన పక్కన హెడ్‌గుమాస్తా, వాళ్ళ వెనక సగం వీధి ఉంది.

"స్వామికి మాల వేయించుదామని వచ్చామమ్మా," అన్న హెడ్‌గుమాస్తా గాలి పీల్చి ఆగారు. "పిల్లికి మీరే వండి పెడుతున్నారా?"

"ఆయ్, అవునండి. ఆ పిల్లిని నేనేనండి."

ఆయన ఆమె ముఖం చూశారు, పొట్ట చూశారు, వెనక ఉమామహేశ్వరం చేతికి అంటిన పులుసు చూశారు.

"ఆ గడ్డం స్వామి కోసం కాదండి," అంది విజయలక్ష్మి పొట్ట మీద చెయ్యి వేసి. "దీని కోసమండి. మా అత్తయ్యగారి నేమం. చెప్పడానికి ఆయనకి సిగ్గు, మిమ్మల్ని కాదనడానికి మొహమాటం."

"అయితే ఇన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశాడన్నమాట," అన్నారు హెడ్‌గుమాస్తా. మొహం కందగడ్డ అయింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు ఉమామహేశ్వరం.

"లేదండి. పూజకని మీరు పెందరాళే పంపితే, ఆయనొచ్చి నాకు నీళ్ళు తోడి, కాళ్ళు పట్టాడండి. మీ పుణ్యాన్నే నా నడుం నిలిచిందండి. దీక్షలో ఆడోళ్ళని మాతా అంటారంట. నేను నిజంగానే కాబోతున్నానండి." ఇక్కడ ఆమె ద్వారబంధం పట్టుకుంది. "ఆయన్ని ఎక్కడికీ పంపకండి. తొలి కాన్పు, నాకు భయమండి. బయట ఆయనున్నాడంటే లోపల నేను ఓర్చుకుంటాను."

హెడ్‌గుమాస్తాగారికి ముగ్గురు పిల్లలు. ముగ్గురూ పుట్టినప్పుడు ఆయన ఆఫీసులోనే ఉన్నారు. ఆయన తల దించుకున్నారు.

"తీర్థానికి పోకూడదని నేను అప్పుడే చెప్పాను," అంది సుబ్బలక్ష్మి పెరట్లోంచి.

"అంతా బాగానే ఉంది," అన్నారు గురుస్వామి. "పూజ చేసి తెచ్చిన మాల మాత్రం వెనక్కి తీసుకుపోకూడదు."

వాకిట్లో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"బస్సులో సీటు చెప్పింది సారుగారే కదండీ," అంది విజయలక్ష్మి ఎంతో వినయంగా.

"నేనా? నాకు చుట్ట అలవాటమ్మా."

"పిలుపు ఎవరికొచ్చిందో ఆ స్వామికే తెలుస్తుందండి."

వెనకనున్న వీధి వీధంతా ఒక్కసారిగా శరణం పలికింది. హెడ్‌గుమాస్తా కాదనడానికి నోరు తెరిచారు. అంతమంది దణ్ణాలు పెడుతుంటే ఆ నోరు ఎందుకు మూతపడుతుందో ఆ వాకిట్లో ఉమామహేశ్వరానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గురుస్వామి మాల వేశారు. ఆయన జేబులోని చుట్ట తీసి ఇస్తే విజయలక్ష్మి చూరులో పెట్టింది.

బస్సు వెళ్ళిన మూడో రోజు ఆమెకు నొప్పులొచ్చాయి. ఆస్పత్రి వరండాలో ఉమామహేశ్వరం ఆమె అరుపు అరుపుకీ "ఇక్కడే ఉన్నాను విజయా" అని బదులు పలికాడు. నర్సు గద్దించినా మానలేదు. ఆ ఒక్క విషయంలో అతనికి మొహమాటం అడ్డురాలేదు. ఆడపిల్ల పుట్టింది. బిడ్డను చేతుల్లోకి తీసుకుని, అందరి ముందూ, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

పురుడు వెళ్ళిన నాడు గడ్డం తీయించుకుందామని మంగలి వెంకన్న దుకాణానికి వెళ్ళాడు. కొండ దిగి వచ్చిన హెడ్‌గుమాస్తా అప్పటికే అక్కడ ఉన్నారు. ఆయన గడ్డం ఇతని గడ్డానికి ఏమాత్రం తీసిపోలేదు.

"ముందు ఎవరికి తియ్యమంటారండి?" అన్నాడు వెంకన్న.

"ఈయనకే," అన్నారు హెడ్‌గుమాస్తా, ఉమామహేశ్వరం భుజం తట్టి. "ఈయనది నాకంటే పెద్ద దీక్ష."

ఉమామహేశ్వరం మొహమాటపడి, తనకు తొందరేమీ లేదని చెప్పి, సాయంత్రం దాకా కూర్చున్నాడు.