వంగింది కెమెరాయేనమ్మా

ఊళ్లో ఇక వంగిన భవనం ఒక్కటీ లేదని కట్టడాల ఫొటో సమితి వార్షికసభలో కరతాళధ్వనుల మధ్య ప్రకటించారు. ఈ ఘనతకు మూలకారకురాలు పెళ్లి ఆల్బమ్ ఇంకా చేతికైనా రాని ఒక కొత్త ఇల్లాలు. ఆమె చేసిన నేరమల్లా తన ఇంటిని ఉన్నదున్నట్టు ఫొటో తీయడమే.

కొత్త జంట అద్దెకు దిగింది మూడో అంతస్తులో. ఇల్లు చిన్నది, సంబరం పెద్దది. కుళాయి తిప్పితే నీళ్లు రావడం కూడా వాళ్లకు ముచ్చటే. మంచానికి ఆ చివర పడుకున్నా తెల్లారేసరికి ఆమె దొర్లుకుంటూ వచ్చి ఆయన భుజం మీద ఉండేది. దాన్ని ఇద్దరూ ప్రేమ అనుకున్నారు. ఒకనాడు ఆమె చేతిలోంచి జారిన ఉల్లిపాయ వంటింట్లో బయల్దేరి, హాలు దాటి, తిన్నగా ఆయన కాలికి తగిలి ఆగింది.

"మనది ప్రేమేననుకుందాం. మరి ఉల్లిపాయకి నామీద ఏముందంటావు?" అన్నాడాయన.

అప్పుడు చూసుకున్నారు. వంటింటి కిటికీ పైన గోడ పగిలింది. వీధి తలుపు పడటం మానేసింది. ఇంటి యజమానితో చెబితే, "కొత్త కాపురం కదమ్మా, అన్నీ అవే సర్దుకుంటాయి" అని దీవించి పంపాడు.

అయినా ఆమె దిగులుపడలేదు. తను సభ్యురాలిగా ఉన్న ఫొటో సమితికి అధ్యక్షుడు సాక్షాత్తూ భవనాల తనిఖీ అధికారి. "సారు కళ్లారా చూస్తే చాలండీ, రేపే మనుషుల్ని పంపిస్తారు" అంది భర్తతో. తాపీమేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చి, కెమెరా వెంట్రుకవాసి కూడా ఒరగకుండా నిలబెట్టి ఫొటో తీసింది. అందులో వీధి దీపస్తంభం సిపాయిలా నిలబడి ఉంది. పక్కన భవనం మాత్రం పొరుగింటి గుట్టు వినడానికి చెవి ఒగ్గినట్టు ఎడమకు ఒరిగి ఉంది. పగులు స్పష్టంగా కనిపిస్తోంది. బాల్కనీలో ఆయన తువ్వాలు కూడా.

సమితికి ఒక పవిత్ర నియమం ఉంది. ఫొటో తీసినవారు అభిప్రాయాలన్నీ అయ్యేదాకా నోరు విప్పరాదు. అయ్యాక "ధన్యవాదాలు" అని మాత్రం అనవచ్చు. అంతకుమించి ఒక్క అక్షరం పలికినా అది 'సమర్థించుకోవడం' కిందకు వస్తుంది. అప్పుడు అధ్యక్షులవారు గంట కొడతారు.

"కట్టడమంటే క్రమశిక్షణ. నిలువు గీత నిలువుగా లేని ఫొటో నీతి లేని మనిషి లాంటిది. వంగింది మీ కెమెరాయేనమ్మా. సరిచేయండి" అని అధ్యక్షులవారు ఉపన్యసించారు. పగులు పంటికి పట్టిన పుప్పిలా చూపును లాగేస్తోందని, దాన్ని పూడ్చేయాలని పళ్లడాక్టరు సూచించారు. తువ్వాలు భవనం గాంభీర్యాన్ని దెబ్బతీస్తోందని లైబ్రేరియన్ బాధపడ్డారు. భవనాన్ని నిటారు చేశాక దీపస్తంభం కుడికి వంగుతుంది కదా అని ఒక బుద్ధిమంతుడు సందేహం లేవనెత్తాడు. దీపస్తంభాన్ని తీసేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"అది కాదండీ, ఇల్లే..."

గంట మోగింది.

"ధన్యవాదాలు" అంది ఆమె.

ఇంటికొచ్చి కోపంగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి. గీతలు నిటారై, పగులు మాయమై, ఆకాశం నీలమయ్యేసరికి ఆమెకే ముచ్చటేసింది. "మనిల్లు ఇంత బాగుంటుందా!" అని మురిసిపోయింది. ఆయన కూడా మురిశాడు. ఫొటోకి మొదటి బహుమతి వచ్చింది.

పగులు మాత్రం బహుమతి సంగతి తెలియక పెరుగుతూనే ఉంది. చివరికి దంపతులిద్దరూ అసలు ఫొటో పట్టుకుని తనిఖీ కార్యాలయానికి వెళ్లారు. అధికారి కుర్చీ వెనక బహుమతి ఫొటో పటం కట్టి వేలాడుతోంది. అధికారి వాళ్లిచ్చిన ఫొటోనూ గోడమీది ఫొటోనూ మార్చిమార్చి చూశారు.

"ఎంత ఎదిగారమ్మా మీరు! ఈ పాత తప్పులన్నీ దిద్దుకున్నాక మళ్లీ వాటినే అర్జీగా తెస్తారేమిటి? ఈ గోడమీది ఫొటోలో పగులేదీ?"

అయినా బాధ్యత మరువని అధికారి కనుక సమితి సభ్యులందరినీ వెంటబెట్టుకుని స్వయంగా తనిఖీకి వచ్చారు. భవనం ఎదుట అందరూ వరుసగా నిలబడి, తలలు ఎడమకు వంచి, ఒక కన్ను మూసి చూశారు. భవనం నిటారుగా ఉంది. దీపస్తంభమే బాగా వంగి ఉందని గుర్తించి, దాన్ని వెంటనే తొలగించాలని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు. వార్షికసభలో చేసిన ప్రకటన ఈ తనిఖీ ఫలితమే.

కొత్త జంట ఆ వారమే సామాను సర్దుకుంది. ఇల్లు ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండలేదు. బహుమతి ఫొటో చూసి ఎగబడి వచ్చిన వాళ్లలో అదృష్టం మరో కొత్త జంటను వరించింది. మెట్ల మీద ఎదురైన కొత్త పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని ఆమె ఆపింది.

"చెల్లీ, ఆ ఫొటో తీసింది నేనే. దిద్దిందీ నేనే. ఇల్లు ఒరిగిపోయింది, అద్దెకు దిగొద్దు."

ఇక్కడ గంట కొట్టేవాళ్లెవరూ లేరు. ఆ అమ్మాయి చివరిదాకా శ్రద్ధగా వింది. తర్వాత ఫోన్లో ఫొటో చూసుకుంది, తల కాస్త ఎడమకు వంచి గోడను చూసింది. ముఖం విప్పారింది.

"థాంక్స్ అక్కా" అని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

తలుపు పడలేదు. లోపల్నుంచి ఇద్దరి నవ్వులూ, ఏదో గుండ్రటిది దొర్లుతున్న చప్పుడూ వినిపించాయి.