తోకలేనివాడి జోస్యం

ఒక పెద్ద అడవిలో, ప్రతి ఏడూ వానాకాలం రాగానే ఏరు పొంగి కింద నేలంతా ముంచేసేది. మునగకుండా మిగిలేది బోడిగుట్ట ఒక్కటే. ఏనుగు మొదలు ఎలుక దాకా అందరూ బిచాణా ఎత్తేసి దానిమీదికే చేరేవారు. పులి కూడా వచ్చేది. పులికి ఈత రాదా అని అడక్కండి. వచ్చు. కానీ భోజనమంతా ఒకేచోట పోగై కూర్చున్నాక ఈదుకుంటూ పోయేంత వెర్రిది కాదు.

మరి గుట్టెక్కినవాళ్ళు ప్రాణాలతో ఎలా దిగేవారయ్యా అంటే, నిదానం తాత పుణ్యాన.

నిదానం తాత తాబేలు. వయసెంతో ఆయనకే గుర్తులేదు. వాన మొదలైంది మొదలు నీళ్ళు తీసేదాకా ఆయన 'ఏడు కోనల యుద్ధగాథ' చెప్పేవాడు. పులికి ఆ కథంటే ప్రాణం. కథ నడిచినన్నాళ్ళూ గుట్టమీద ఎవరిమీదా పంజా ఎత్తనని మాటిచ్చింది. వరదలో కొట్టుకొచ్చిన చేపలతో సరిపెట్టుకునేది. "కథ అయిపోయిందంటే మాత్రం ఎవరి దారి వారిది" అని ఆ మాటకు ఓ తోక తగిలించింది. ఎవరి దారి వారిదంటే అందరి దారీ దాని నోట్లోకేనని వేరే చెప్పాలా!

అందుకే తాత ఏళ్ళ తరబడి ఆ కథను అవగొట్టలేదు. రాజు చస్తే తమ్ముణ్ణి గద్దెక్కించాడు. తమ్ముడు చస్తే ఎవరికీ తెలియని కవలవాణ్ణి కొండ అవతలి నుంచి లాక్కొచ్చాడు. శత్రువు రెండుసార్లు చచ్చి రెండుసార్లూ తిరిగొచ్చాడు, ఎవరూ ఎలాగని అడగలేదు.

కిందటేడు ఏమైందంటే, నీళ్ళు తీయడానికి ఇంకా కాస్త వ్యవధి ఉండగానే కథ మధ్యలో పులి ఆవలించింది. ఆ నోరు చూసేసరికి తాతకి పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కనే నిండుచూలాలు లేడి వణుకుతోంది. ఏం చెప్పాలో తోచక, కథలో అప్పుడే ఒక గుడ్డి గుడ్లగూబను ప్రవేశపెట్టి దానిచేత జోస్యం పలికించాడు.

"తోకలేనివాడు తోక ఊపిననాడు, మూడో చంద్రుడు నీళ్ళు తాగుతాడు. అప్పుడు సింహాసనం తనంతట తానే లేచి నిలబడుతుంది."

పులి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎవరు తాతా ఆ తోకలేనివాడు?"

"అది అప్పుడే చెప్తే ఎలా ప్రభూ! వచ్చే ఏడు" అన్నాడు తాత. ఎవరో తనకి తెలిస్తే కదా చెప్పడానికి!

నీళ్ళు తీశాయి. లేడి బతికి బట్టకట్టింది, బిడ్డను కన్నది. తాత ఎండాకాలానికి బురదలోకి దూరి పడుకున్నాడు. అడవి మాత్రం పడుకోలేదు.

నక్కకి ఏ పనీ లేదు. పనిలేనివాళ్ళకి పదవి కావాలి గనక అది 'జోస్య వివరణ మండలి' అని ఒకటి పెట్టింది. అధ్యక్షత ఏనుగుకి కట్టబెట్టింది. ఏనుగు ఏ మాటకైనా తల ఊపుతుంది, అధ్యక్షుడికి అంతకంటే అర్హత ఏం కావాలి? కార్యదర్శి నక్కే. చిలకకి కథంతా కంఠతా వచ్చు, అర్థం ఒక్క ముక్కా తెలీదు. కనుక అది మూలగ్రంథ పరిష్కర్త అయింది.

"తోకలేనివాడంటే కప్ప. చిన్నప్పుడు తోక ఉంటుంది, పెద్దయ్యాక ఊడిపోతుంది. అంటే రాజ్యం పోగొట్టుకున్న వారసుడన్నమాట" అంది నక్క.

"కాదు, కుందేలు" అంది కొండముచ్చు.

"నాకు తోక ఉందయ్యా బాబూ!" అని కుందేలు వెనక్కి తిరిగి చూపించింది.

"అది తోక కాదు, నీ భ్రమ" అంది కొండముచ్చు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అది, ఇప్పుడు తోక కూడా పీకేసింది.

అడవి కప్పవాదులూ కుందేలువాదులూ అని రెండుగా చీలింది. ఏడాదంతా ఒకరి చెట్టుమీద ఒకరు వాలలేదు. పెళ్ళిసంబంధాలు తప్పిపోయాయి. మూడో చంద్రుడంటే ఎవరు అన్న మాట మీద రెండు అడవిపందులు కుమ్ముకుని ఆస్పత్రి లేని అడవిలో ఆకుపసరు పూయించుకున్నాయి. ఏనుగు మాత్రం అటు వాళ్ళకీ ఇటు వాళ్ళకీ తల ఊపుతూ, "ఇరుపక్షాల్లోనూ న్యాయం ఉంది" అంటూ కాలక్షేపం చేసింది.

మళ్ళీ వానలు పడ్డాయి, ఏరు పొంగింది. తాత బురద దులుపుకుని గుట్టెక్కేసరికి అక్కడ తన బండరాయి మీద నక్క కూర్చుని ఉంది.

"తమరు ఏ వాదం?" అని అడిగింది.

"వాదమేంటి నాయనా, నేను కథ చెప్పేవాణ్ణి."

"చెప్పడం వేరు తాతా, తెలియడం వేరు. రేపు మండలి తుది తీర్పు చెప్తుంది. పులిప్రభువు స్వయంగా ముందు వరసలో కూర్చుంటానన్నారు. మీరు కూడా రండి, వెనక చోటుంది."

ఆ మాట లేడి చెవిన పడింది. పిల్లను పొట్టకిందికి లాక్కుని, "తాతా, మొత్తం విప్పి చెప్పేస్తే ఇంక పులి దేనికోసం కూర్చుంటుంది?" అంది. "నా బిడ్డకి ఇంకా పులిని తప్పించుకునేంత పరుగు రాలేదు. చుట్టూ నీళ్ళు."

తాత ఆలోచనలో పడ్డాడు. తనకైతే డిప్ప ఉంది, లోపలికి ముడుచుకుంటే సరి. వీళ్ళకి ఏముంది? బాహాటంగా చెప్దామంటే పులి వింటుంది. నక్కని ఓ పక్కకి పిలిచి, చెవిలో గొణిగాడు.

"ఒరే అబ్బాయ్, నీకు దణ్ణం పెడతాను. దానికి అర్థం లేదురా. పులి ఆవలించింది, నోటికొచ్చింది అనేశాను. దాన్ని అలా వదిలెయ్. నువ్వు విప్పావంటే కథ అయిపోతుంది, కథ అయితే మనమూ అయిపోతాం."

నక్క కళ్ళు మూసుకుని తన్మయంగా తలాడించింది. "అర్థం లేదు అనడంలో ఎంత అర్థం దాచారు తాతా! దీన్ని కూడా రేపటి ఉపన్యాసంలో చేరుస్తాను."

తాత నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. తాబేలు నెత్తి కొట్టుకోవడం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

మర్నాడు గుట్టంతా కిక్కిరిసింది. చుట్టూ ఏరు హోరుమంటోంది. పులి ముందు వరసలో ముంగాళ్ళు చాపుకుని కూర్చుంది. నక్క గొంతు సవరించుకుంది.

ఎంత చెప్పిందనీ! తోకలేనివాడు కప్పరాజట. తోక ఊపడమంటే పోయిన సైన్యం తిరిగి రావడమట. మూడో చంద్రుడు చెరువులో పడ్డ నీడట. సింహాసనం లేవడమంటే యుద్ధం లేకుండా రాజ్యం దక్కడమట. ఒక్క ముడి మిగల్చలేదు. కుందేలువాదులు కూడా నోరెళ్ళబెట్టారు. ఏనుగు తల ఊపింది. తీర్పు ఏకగ్రీవమైంది, చప్పట్లు మోగాయి.

పులి మెల్లగా అడిగింది. "అయితే గద్దె కప్పదేనన్నమాట."

"నిస్సందేహంగా ప్రభూ."

"యుద్ధం?"

"జరగదు ప్రభూ. అనవసరం."

"మరి ఇంకేమీ మిగల్లేదా?"

"మిగిలింది ప్రభూ!" అని వెనక నుంచి తాత అరిచాడు. "బోలెడు మిగిలింది!"

"ఏమీ మిగల్లేదు. మండలి అన్నీ తేల్చేసింది" అంది నక్క.

పులి లేచి ఒళ్ళు విరుచుకుంది. "ఓహో. అయితే కథ అయిపోయింది."

చప్పట్లు ఆగిపోయాయి. అప్పుడు వెలిగింది అందరికీ. ఏడాదంతా కొట్టుకు చచ్చినవాళ్ళు ఇప్పుడు ఒకరినొకరు పట్టుకుని వెనక్కి జరిగారు, కానీ వెనక నీళ్ళే. పులి చూపు తిరిగి తిరిగి లేడి పొట్టకింద ఉన్న పిల్ల మీద ఆగింది.

తాత పరుగెత్తాడు. అవును, నిదానం తాతే! పులి కాళ్ళ దగ్గర పడి రొప్పుతూ, "ప్రభూ, వయసు మీదపడి మరిచాను. ఆ జోస్యానికి ఆఖరి పాదం ఒకటుంది. కిందటేడు చెప్పలేదు" అన్నాడు.

పులి ఆగింది. "ఏంటది?"

దేవుడా, బతికిపోయాం అనుకుంది లేడి. సరిగ్గా అప్పుడే నక్కకి ఒళ్ళు మండింది. ఏడాది కష్టపడి కట్టిన సిద్ధాంతం మరి!

"అబద్ధం!" అంది. "అలాంటి పాదం మూలంలో లేదు. కావాలంటే చిలకని అడగండి. కథకుడికి ఇష్టమొచ్చినట్టు కలుపుకుంటూ పోతే మండలి ఎందుకు? కథ అయిపోయింది ప్రభూ. ఈ విషయంలో ఎవరైనా సందేహిస్తే నా ముందుకి రమ్మనండి."

"నువ్వు రా" అంది పులి ఆప్యాయంగా. "అంతా తెలిసినవాడివి. దగ్గరికి రా, సన్మానిస్తాను."

నక్క ఛాతీ విరుచుకుని వెళ్ళింది. సన్మానం క్షణంలో ముగిసింది.

పులి మూతి నాక్కుని, తృప్తిగా తేన్చి, మళ్ళీ ముందు వరసలో కూలబడింది. "ఇప్పుడు చెప్పు తాతా, ఆ పాదం."

తాత డిప్పలోంచి మెడ చాచాడు. "సింహాసనం లేచి నిలబడ్డాక… దాని కింద చీకట్లో ఎవరో దగ్గారు."

పులి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎవరు?"

"అక్కడికే వస్తున్నా ప్రభూ" అన్నాడు తాత, వస్తూ వస్తూ వానాకాలమంతా గడిపేశాడు. నీళ్ళు తీశాయి. లేడి తన పిల్లను ముందు పెట్టుకుని గుట్ట దిగింది. ఇప్పుడు పిల్లకి ఆ పరుగు వచ్చు.

గుట్ట కింద కొండముచ్చు అందరినీ ఆపి, "ఆ దగ్గిందెవరో నాకు తెలుసు" అంది. నక్క పోయాక కార్యదర్శి పదవి ఖాళీగానే ఉంది కదా, ఏనుగు తల ఊపింది. తొలి సమావేశానికి తప్పకుండా వస్తానని పులి కబురంపింది.

నీతి: రహస్యాన్ని ఛేదించినవాడికి చరిత్రలో చోటు దొరుకుతుందో లేదో గానీ, పులి కడుపులో మాత్రం ముందు వరసలోనే దొరుకుతుంది.